మోకాలి ఆపరేషన్‌కి టికెట్ కొనేముందు

2000 అక్టోబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రధానిగా ఉండగానే ఎడమ మోకాలి కీలు మార్పించుకున్నారు. ఆపరేషన్ జరిగింది ముంబై బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో. చేసింది న్యూయార్క్‌లో స్థిరపడిన సర్జన్ చిత్తరంజన్ రణావత్. 2001 జూన్‌లో కుడి మోకాలు కూడా ఆయన చేతిమీదుగానే అయింది. రోగి ఉన్నచోటికే సర్జన్ విమానమెక్కి రావడం ప్రధానమంత్రులకు చెల్లుతుంది. మిగతావాళ్లం మనమే కదలాలి, కుంటుకుంటూ అయినా సరే.

ఇలా కదిలేవాళ్లలో మన దేశానికి వచ్చేవాళ్లూ తక్కువేమీ కాదు. తుంటి కీలును పూర్తిగా కోసెయ్యకుండా బంతికి లోహపు తొడుగు వేసే బర్మింగ్‌హామ్ హిప్ రీసర్ఫేసింగ్‌కి అమెరికా ప్రభుత్వ అనుమతి 2006 మేలో గానీ రాలేదు. అంతవరకు ఆగలేని అమెరికన్లు కొందరు ముందే చెన్నై వచ్చి చేయించుకుని వెళ్లారు. ఇవాళ హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రుల ఎముకల విభాగంలో కాసేపు కూర్చుంటే ఆఫ్రికా, గల్ఫ్ దేశాలనుంచి వచ్చినవాళ్లు కనబడతారు. వాళ్ల పక్కనే డాలస్‌నుంచో దుబాయ్‌నుంచో వచ్చిన మనవాళ్లూ కనబడతారు. "ఇక్కడెందుకు, ఇండియా వెళ్లి చేయించుకుంటే పోలా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అన్న రోజున మొదలయ్యే ప్రయాణం అది. ఈ అధ్యాయం వాళ్లకోసం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆపరేషన్‌కి పట్టేది గంటా గంటన్నర. ఆ తర్వాతి మూడు నెలల్లోనే మోకాలు బాగుపడేదీ మొరాయించేదీ తేలుతుంది. కాబట్టి ఊరిని, సర్జన్‌ని, తేదీని ఆ మూడు నెలల దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కవేసుకుంటూ ఎంచుకోవాలి. కోత ఎన్ని అంగుళాలు, రోబో ఉందా, ప్యాకేజీ ఎంత అని మాత్రమే అడిగి టికెట్ కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఏ ఆపరేషనో ముందు తేల్చుకోండి

కీహోల్, చిన్న కోత, మినిమల్లీ ఇన్వేజివ్ అంటూ ప్రకటనల్లో అన్నీ కలగలిపి రాస్తారు. వాటి వెనక కనీసం మూడు వేరువేరు ఆపరేషన్లున్నాయి.

మొదటిది ఆర్థ్రోస్కోపీ. రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి, సన్నటి గొట్టం చివర కెమెరాతో కీలు లోపల చూస్తూ చేసేది. షటిల్ ఆడుతూనో బైక్ మీంచి పడో లిగమెంట్ తెగిన కుర్రాడికి ఇది మంచి మార్గం. అరవై దాటి గుజ్జు అరిగిపోయిన మోకాలికి మాత్రం "లోపల క్లీనింగ్ చేస్తాం" అని ఎవరైనా అంటే జాగ్రత్తపడండి. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో హూస్టన్ డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. అరిగిన మోకాళ్లున్న 180 మందిలో కొందరికి కీలు లోపల కడిగారు. కొందరికి గరుకు భాగాన్ని చెక్కి శుభ్రం చేశారు. ఇంకొందరికి మత్తిచ్చి, చర్మంమీద కోతలు మాత్రం పెట్టి, లోపల ఏమీ చెయ్యకుండా కుట్టేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పి విషయంలో ఈ మూడు గుంపుల మధ్యా తేడా లేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా అరుగుదల మోకాళ్లకు ఇది దాదాపు ఎవరికీ వద్దని తేల్చింది. అలాంటి క్లీనింగ్ కోసం విమానం ఎందుకు, పక్క వీధిదాకా కూడా వెళ్లనక్కర్లేదు.

రెండోది పాక్షిక కీలు మార్పిడి. మోకాల్లో మూడు భాగాలుంటాయి. లోపలివైపు ఒక్కటే అరిగి, మిగతావి బాగుండి, లిగమెంట్లు గట్టిగా ఉంటే ఆ ఒక్క భాగాన్నే మార్చవచ్చు. కోత నిజంగానే చిన్నది, కోలుకోవడం త్వరగా, మోకాలు సొంత మోకాలిలాగే అనిపిస్తుంది. దీనికి వెల ఒకటుంది. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం పూర్తి మార్పిడి చేసిన మోకాళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తుంటే, పాక్షికం చేసినవాటిలో నిలిచేవి 70 శాతం. పైగా దీన్ని తరచూ చేసే సర్జన్ చేతిలో బాగుంటుంది, ఎప్పుడో ఒకటి చేసేవాళ్ల చేతిలో అంతగా నప్పదు. "ఏడాదికి మీరు పాక్షికాలు ఎన్ని చేస్తారు?" అని మొహమాటం లేకుండా అడగండి.

మూడోది చిన్న కోతతో పూర్తి మార్పిడి. ఎక్కువమంది వెళ్లేది దీనికే. పాత పద్ధతిలో ఎనిమిది నుంచి పది అంగుళాల కోత, ఇప్పుడు నాలుగు నుంచి ఆరు. అసలు తేడా చర్మం కింద ఉంది: తొడ ముందు కండరాన్ని కొయ్యకుండా పక్కకు జరిపి లోపలికి వెళతారు. దానివల్ల మొదటి వారాల్లో కాలు ఎత్తడం తేలిక, నొప్పి కాస్త తక్కువ. లోపల అమర్చే ఇంప్లాంట్ మాత్రం అదే, ఎముకను కోసేదీ దాదాపు అంతే. ఏడాది గడిచాక పెద్ద కోతవాళ్లనీ చిన్న కోతవాళ్లనీ పక్కపక్కన నడిపిస్తే తేడా పట్టుకోవడం కష్టం. బాగా లావుగా ఉన్నవాళ్లకు, దొడ్డికాళ్లు మరీ వంకరపోయినవాళ్లకు చిన్న కోత మంచిది కూడా కాదు. సర్జన్‌కి లోపల సరిగా కనబడాలి కదా. రోబో సంగతీ ఇంతే. ఎముకను ముందుగా వేసుకున్న ప్లాను ప్రకారం కచ్చితంగా కొయ్యడానికి అది సాయం చేస్తుంది, నిర్ణయాలు సర్జన్‌వే. రోబోతో చేసిన మోకాలు ఎక్కువకాలం నిలుస్తుందా అన్నది ఇంకా తేలలేదు. మంచి సర్జన్ దగ్గర రోబో కూడా ఉంటే సంతోషం. రోబో ఉందని సర్జన్‌ని ఎంచుకోకండి.

మార్పిడి చేయించుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఫలితంపట్ల పూర్తిగా తృప్తిపడరన్నది కూడా తెలిసి వెళ్లాలి. ఎక్స్‌రేలో అరుగుదల పెద్దగా లేకపోయినా తొందరపడినవాళ్లు, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటామని ఆశపెట్టుకున్నవాళ్లు ఇందులో ఎక్కువ. అలిపిరి మెట్లదారిన మళ్లీ కొండ ఎక్కాలన్న కోరిక ఉంటే ఆపరేషన్‌కి ముందే సర్జన్‌తో చెప్పండి, ఆయన నవ్వినా సరే.

డబ్బు లెక్క ఎక్కడ తప్పుతుంది

మన దేశంలో 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం అప్పటిదాకా సగటున లక్షా 58 వేలకు అమ్ముడవుతుంటే 54,720 రూపాయలకు, జీఎస్టీ అదనంగా, దించారు. ఆస్పత్రి బిల్లులో ఇంప్లాంట్ పేరు, ధర విడిగా చూపించాలి. చూపించకపోతే అడగండి. ఎన్నారై అనగానే ఇంప్లాంట్ "ఇంపోర్టెడ్ స్పెషల్" అయిపోయే చోట్లుంటాయి.

అమెరికాలో ఉండేవాళ్లు చేసే పొరపాటు వేరు. అక్కడి ఆస్పత్రి వేసే మొత్తం బిల్లును హైదరాబాద్ ప్యాకేజీతో పోల్చి, లక్షలు మిగిలాయనుకుంటారు. మీకు ఉద్యోగం ద్వారా మంచి ఇన్సూరెన్స్ ఉంటే, మీ నెట్‌వర్క్ ఆస్పత్రిలో మీ జేబులోంచి పోయేది పాలసీలో రాసిన అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమం వరకే. పోల్చాల్సింది ఆ అంకెతో. ఇటువైపు ప్యాకేజీతోపాటు ఇద్దరి విమాన ఖర్చు, జీతంలేని సెలవు, ఇంటికొచ్చే ఫిజియో, మందులు కలపండి. ఇలా వేస్తే చాలామందికి లెక్క తారుమారవుతుంది. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు, సొంతంగా వ్యాపారం చేసుకుంటూ పెద్ద డిడక్టిబుల్ ఉన్నవాళ్లకు ఇండియా నిజంగానే కలిసొస్తుంది. మెడికేర్ మీద ఉన్న పెద్దలకు మాత్రం దేశం బయట చేయించుకున్న ఆపరేషన్‌కి అది పైసా ఇవ్వదు.

అమ్మానాన్నల సంగతి ఇంకొకటి. మనవడి పురుడుకో పెంపకానికో అమెరికా వెళ్లే అత్తయ్యలు, అమ్మలు మోకాలి నొప్పిని మూటకట్టుకుని తీసుకెళతారు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు పాత జబ్బులను తప్పించుకుంటాయి. మోకాలు చేయించక తప్పదని డాక్టర్ చెప్పి ఉంటే, ప్రయాణానికి నాలుగైదు నెలల ముందే ఇక్కడ చేయించుకుని వెళ్లడం మేలు.

"ఎలాగూ వెళుతున్నాం, రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించేద్దాం" అన్న ఆలోచన కూడా డబ్బు లెక్కలోంచే పుడుతుంది. ఒక్క మత్తు, ఒక్క సెలవు, ఒక్క టికెట్. మన దేశంలో చాలామంది సర్జన్లు ఇలా చేస్తారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, డెబ్బై ఐదు దాటినవాళ్లకు, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు ప్రమాదం పెరుగుతుంది. ఆ నిర్ణయం గుండె డాక్టర్, మత్తు డాక్టర్ కూడా చూసి చెప్పాలి. టికెట్ ధర చెప్పకూడదు.

క్యాలెండర్‌ని వెనకనుంచి నింపడం

తిరుగు ప్రయాణం తేదీతో మొదలుపెట్టండి. కీలు మార్పిడి తర్వాత కాళ్ల రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం కొన్ని వారాలపాటు ఉంటుంది. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణంమీదికొస్తుంది. పదహారు గంటలు సీటులో కదలకుండా కూర్చోవడం దానికి తోడవుతుంది. అందుకే చాలామంది సర్జన్లు సుదూర విమానానికి ఆరు వారాలనుంచి మూడు నెలలవరకు ఆగమంటారు. "రెండు వారాల్లో ఎగిరిపోవచ్చు" అని ఆస్పత్రి ప్రతినిధి వాట్సాప్‌లో రాస్తే, అదే మాట సర్జన్‌తో రాయించమనండి.

మోకాలు వంగడం కూడా మొదటి ఆరు వారాల్లోనే రాబట్టుకోవాలి. కుర్చీలోంచి లేవడానికి, మెట్లెక్కడానికి తొంభై డిగ్రీలైనా దాటాలి. ఆ గడువులో బద్ధకిస్తే లోపల కండ గట్టిపడి, మళ్లీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి రావచ్చు. దూరాన ఉన్న పిల్లలు ఫోన్లో "ఎలా ఉంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అమ్మ జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"బానే వంగుతోందే."

"బానే అంటే ఎంతమ్మా? ఫిజియో ఎన్ని డిగ్రీలన్నాడు?"

"ఏమో, ఎనభయ్యో ఎంతో అన్నాడు. నొప్పిగా ఉందని ఇవాళ రావద్దన్నాలే."

ఈ చివరి మాట వినబడ్డప్పుడు ఫోన్ పెట్టెయ్యకండి. నొప్పి మాత్ర వేసుకుని, అరగంట ఆగి, ఫిజియోని పిలిపించడమే పద్ధతి.

ఈ ఆరు వారాల్లోనే మొదట ఆస్పత్రిలో మూడు నాలుగు రోజులు, కుట్లు తీసేవరకు సుమారు రెండు వారాలు. వీటన్నిటికీ ముందు, దిగగానే ఆపరేషన్ బల్లెక్కకుండా పరీక్షలకూ విశ్రాంతికీ ఓ వారం. మొత్తం రెండు నెలలు తేలిగ్గా అవుతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉండి ఓసీఐ లేనివాళ్లు ఇక్కడ చూసుకోవాలి: ఇ-మెడికల్ వీసా 60 రోజులు. గీటుకు గీటు సరిపోతుంది, ఒక్క జ్వరం వచ్చినా సరిపోదు. ఎంబసీ ఇచ్చే మామూలు మెడికల్ వీసా, తోడుగా వచ్చేవాళ్లకు అటెండెంట్ వీసా నయం. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇబ్బంది ఇంకోవైపు. పాస్‌పోర్టులో స్టాంపు గడువు దాటితే తిరిగి వెళ్లడానికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కావాలి. ఆ తేదీ, ఆపరేషన్ తేదీ ఒకదానిమీద ఒకటి పడకుండా చూసుకోండి. వాకర్ పట్టుకుని కాన్సులేట్ లైన్లో నిలబడటం చెప్పినంత తేలిక కాదు. సెలవు విషయంలో అమెరికాలో ఎఫ్ఎంఎల్ఏ కింద అర్హులకు 12 వారాలు జీతంలేకుండా దొరుకుతాయి, ఈ పనికి అది సరిగ్గా చాలుతుంది.

బయల్దేరడానికి మూడు నెలల ముందు చేయాల్సినవి అక్కడే చేయండి. షుగర్ మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, ఏడున్నర, ఎనిమిది దాటితే చాలామంది సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు. అది హైదరాబాద్ చేరాక తెలిస్తే ప్రయాణం వృథా. పుచ్చిన పళ్లు, కాలిమీద పుళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ముందే బాగుచేయించండి. సిగరెట్ మానెయ్యండి. విమానంలో నొప్పి ఉండకూడదని మోకాల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం చేయించుకోకండి. దాని తర్వాత మూడు నెలల్లోపు కీలు మారిస్తే చీము పట్టే అవకాశం పెరుగుతుంది. సాయం చేద్దామని ఫ్యామిలీ డాక్టర్ ఇచ్చే ఈ ఒక్క ఇంజెక్షన్ వల్ల తేదీలన్నీ తలకిందులైన కుటుంబాలున్నాయి.

ఎవరింట్లో ఉంటారు?

పుట్టింటికి వస్తున్నామన్న ధీమాలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అన్నయ్య ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. చెల్లెలింట్లో వెస్టర్న్ కమోడ్ ఉన్నది ఒక్క గదిలో, అందులో అత్తగారుంటారు. మంచం మోకాలెత్తుకన్నా కిందికి ఉంటే లేవలేరు. కమోడ్‌మీద పెట్టే ఎత్తుపీట, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, వాకర్ తిరిగేంత బాత్రూమ్ తలుపు, ఇవి మీరు దిగకముందే ఎవరైనా టేపు పెట్టి కొలవాలి. సరిపడకపోతే ఆస్పత్రికి దగ్గర్లో సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోండి, బంధువులు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

మనవాళ్లు పలకరింపులకు వస్తారు. యాపిల్స్, కొబ్బరిబోండాలు, నాలుగిళ్ల కబుర్లు. మొదటి రెండు వారాలు జలుబు, దగ్గు ఉన్నవాళ్లను రానివ్వకండి. కట్టు విప్పి చూపించమనే ఆత్రగాళ్లను అసలే రానివ్వకండి. ఇంకో గొడవ పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ వద్దు, గుడ్డు వద్దు అంటూ చారన్నంతో నెల గడిపిస్తారు. గాయం మానాలన్నా తొడ కండరం తిరిగి రావాలన్నా కావాల్సింది మాంసకృత్తులే. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు కడుపునిండా తినాలి. పెద్దమ్మతో వాదించడం కష్టమైతే డిశ్చార్జ్ రోజున సర్జన్‌చేత ఆమె ఎదుటే చెప్పించండి, అదొక్కటే పనిచేస్తుంది.

కాగితాలు, ఫోన్ నంబర్లు

జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డెప్యూ తయారుచేసిన ఏఎస్ఆర్ అనే తుంటి ఇంప్లాంట్‌ని 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. లోహంమీద లోహం రాసుకుని నలక రాలి చుట్టూ కండ దెబ్బతినేది. మన దేశంలో దాన్ని సుమారు 4,700 ఆపరేషన్లలో వాడారు. తర్వాత వెతికితే ఆచూకీ దొరికినవాళ్లు వెయ్యికి అటూఇటూ మాత్రమే. మిగతావాళ్ల ఒంట్లో ఏముందో చెప్పే కాగితం ఎక్కడా దొరకలేదు. నష్టపరిహారానికి 2018లో సూత్రం తయారయ్యాక కూడా తమకు ఏది అమర్చారో రుజువు చూపలేనివాళ్లకు అది అందని పండే.

కాబట్టి ఇంప్లాంట్ పెట్టెలమీద ఉండే స్టిక్కర్లు, కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబర్ ఉన్నవి, డిశ్చార్జ్ సమ్మరీకి అంటించి తీసుకోండి. ఫోటో తీసి మీ పిల్లలకు పంపండి. ముందుగానే మోడల్ పేరు తెలుసుకుంటే ఇంకా మంచిది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ కీళ్ల రిజిస్ట్రీలు ఏటా నివేదికలు బహిరంగంగా పెడతాయి, ఏ మోడల్ ఎన్నేళ్లు నిలిచిందో వాటిలో ఉంటుంది. ఆపరేషన్ నోట్స్, ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేల సీడీ, వాడిన రక్తం పలచబరిచే మందు, ఎన్ని రోజులన్నది, అన్నీ ఇంగ్లిష్‌లో స్పష్టంగా ఉండాలి.

తిరిగి వెళ్లాక ఎవరు చూస్తారన్నది వెళ్లకముందే తేల్చుకోండి. మరో సర్జన్ చేసిన మోకాలిని మొదటి నెలల్లో ముట్టుకోవడానికి అమెరికాలో చాలామంది ఇష్టపడరు. అక్కడ ఆపరేషన్ ఫీజులోనే 90 రోజుల చూపు కలిసి ఉంటుంది, పైగా ఇతరుల పనికి బాధ్యత ఎవరికి కావాలి? మీ ఫ్యామిలీ డాక్టర్‌ని, వీలైతే ఒక ఆర్థోపెడిక్ క్లినిక్‌ని, ఒక ఫిజియోథెరపీ కేంద్రాన్ని ముందే ఒప్పించి పెట్టుకోండి. హైదరాబాద్ సర్జన్‌ని ఇలా అడగండి: "మూడో నెలలో గాయం ఎర్రబడి జ్వరమొస్తే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? మీరు అక్కడి డాక్టర్‌తో నేరుగా మాట్లాడతారా?" మార్కెటింగ్ విభాగం నంబర్ ఇస్తే అది జవాబు కాదు. కీలులో చీము పడితే తరచూ ఇంప్లాంట్ తీసి, కొన్ని వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చి, మళ్లీ కొత్తది అమర్చాల్సి వస్తుంది. నూటికి ఒకరిద్దరికి వచ్చే కష్టమే. వస్తే మాత్రం మొదటి ఆపరేషన్‌కన్నా ఎక్కువ ఖర్చు. అందుకు కొంత సొమ్ము విడిగా ఉంచాలి.

తిరుగు విమానం

నడవగలిగినా వీల్‌చెయిర్ చెప్పండి, హైదరాబాద్ నుంచి వెళుతూ దోహాలో గేటు మారడానికే కాలు వాచిపోతుంది. నడవా పక్క సీటు, ఆపరేషన్ అయిన కాలు చాపుకునే వైపు. గంటకోసారి లేవండి. కూర్చున్నప్పుడు పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. నీళ్లు బాగా తాగండి. బిగుతు మేజోళ్లు, రక్తం పలచబరిచే మందు ఎంతకాలమన్నది సర్జన్ చెప్పినట్టే. సెక్యూరిటీలో మెటల్ డిటెక్టర్ మోగుతుంది, "మోకాల్లో ఇంప్లాంట్" అని ముందే చెబితే స్కానర్‌లోకి పంపుతారు. ఇంప్లాంట్ కార్డు చూపించినా తనిఖీ తప్పదు.

ఇంటికి చేరాక మొదటి కొన్ని వారాల్లో ఎప్పుడైనా ఒక పిక్క రెండోదానికన్నా లావుగా, గట్టిగా, నొప్పిగా మారితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పొడిచినట్టు నొప్పి వస్తే డాక్టర్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకుండా అంబులెన్స్ పిలవండి. ఏడాది నిండాక ఒక ఎక్స్‌రే తీయించి, ఆపరేషన్ చేసిన సర్జన్‌కి పంపండి. ఒక ప్రతి స్థానిక డాక్టర్ ఫైల్లో ఉంచండి. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి, నొప్పి లేకపోయినా సరే. ఇంప్లాంట్ వదులవడం చాలాసార్లు నొప్పికన్నా ముందు ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.